చచ్చిన చేప మెదడు, మీ ఎస్‌వోపీ

ప్రిన్సిపాల్ గారికి, మాస్టార్లకి, పిల్లలందరికీ నమస్కారం. శాలువా, బొకే అయిపోయాయి కాబట్టి విషయానికొస్తాను. బ్రెయిన్ ఇమేజింగ్‌లో నా ప్రయాణం గురించి చెప్పమన్నారు. దానికేం గానీ, విదేశీ యూనివర్సిటీకి అప్లికేషన్‌తో పాటు 'నేనెందుకు చదవాలనుకుంటున్నాను' అని రాసే ఎస్‌వోపీలు ఉంటాయి కదా, చూసిపెట్టమని మీలో కొందరు పంపినవి రాత్రి చదివాను. ఒళ్లు మండింది. అన్నీ ఒకే కన్సల్టెన్సీ వంటకం. "చిన్నప్పటి నుంచీ మానవ మెదడు రహస్యాలు నన్ను ఆకర్షించాయి." చిన్నప్పుడు మనల్ని ఆకర్షించినవి క్రికెట్టూ, చిరంజీవీ కదా నాయనా!

నా పని ఎఫ్ఎంఆర్ఐతో, అంటే మెదడు పనిచేస్తుండగా తీసే స్కాన్‌తో. అది ఆలోచనల్ని ఫొటో తీయదు. మెదడులో ఒకచోట పని పెరిగితే అక్కడికి ఆక్సిజన్ ఉన్న రక్తం ఎక్కువగా చేరుతుంది. స్కానర్ పట్టేది ఆ తేడానే. 1990లో సెయిజి ఒగావా ఎలుకల మీద చూపించిన కిటుకిది. ఆ సిగ్నల్ పూర్తిగా పైకి లేవడానికి ఐదారు సెకన్లు పడుతుంది. ఈలోగా తల కాస్త కదిలిందా, డేటా గోవిందా. పీహెచ్‌డీకి ముందు రీసెర్చ్ అసిస్టెంట్‌గా నా ఉద్యోగం ఏమిటనుకున్నారు? వచ్చినవాళ్ల జడపిన్నులు, పట్టీలు తీయించడం, "అమ్మా, ఇంకాసేపు కదలకండి" అని మైకులో బతిమాలడం.

చేప సంగతి చెప్పాలి. 2009లో క్రెయిగ్ బెనెట్ బృందం చచ్చిన సాల్మన్ చేపని స్కానర్లో పెట్టి, మనుషుల ఫొటోలు చూపించి, వీళ్ల మనసులో ఏముందో చెప్పమని అడిగింది. చేపని! మన గోదావరి వాళ్లయితే స్కానర్ దాకా పోనిచ్చేవారా, పులుసు పెట్టేసేవారు. తీరా లెక్క వేస్తే, చచ్చిన చేప మెదడు పనిచేస్తున్నట్టు స్కాన్ బొమ్మలో చుక్కలు వెలిగాయి. వేల చోట్ల విడివిడిగా పరీక్ష పెడితే కొన్ని గుడ్డిగా పాసైపోతాయి మరి. అందుకు తగ్గట్టు లెక్క సరిచేయగానే చుక్కలన్నీ మాయం. ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే ఇగ్ నోబెల్ కూడా 2012లో దీనికి ఇచ్చారు.

రంగుల బొమ్మ చూడగానే మురిసిపోతారా, అనుమానిస్తారా? నేనైతే అప్లికేషన్‌లో వెతికేది అదే. మా కాలేజీలో స్కానర్ లేదు సార్ అనకండి. వెనక బెంచీ, ఫోన్లు ఎలాగూ చేతిలోనే ఉన్నాయిగా, రాసుకోండి: ఓపెన్‌న్యూరో. ఆ వెబ్‌సైట్లో మెదడు స్కాన్ల డేటా ఉచితం. ఆ స్కాన్లని విశ్లేషించే ఎఫ్ఎస్ఎల్ సాఫ్ట్‌వేర్ కూడా చదువుకునేవాళ్లకి ఉచితమే. ఒక్క డేటాసెట్ తీసుకుని, ఎవరి తల ఎంత కదిలిందో చూసి, ఎవరిని ఎందుకు తీసేశారో రాయండి. అమెరికాలో చాలాచోట్ల బీటెక్‌తోనే నేరుగా పీహెచ్‌డీకి అప్లై చేయొచ్చు. చాలావరకు గడువులు డిసెంబర్లో ఉంటాయి, ఇప్పుడే మొదలుపెట్టండి.

ప్రిన్సిపాల్ గారు వాచీ చూస్తున్నారు. సాయంత్రం దాకా ఇక్కడే ఉంటాను. ఎస్‌వోపీ తెచ్చేవాళ్లు మొదటి పేరా కొట్టేసి తీసుకురండి.