కార్బురేటర్ విప్పే ముందు ట్యాంకు మూత చూడండి

నమస్కారం. శ్రీకాకుళం నుంచి పలాస వైపు తరచుగా ప్రయాణించే ఒక ప్రేక్షకుడు తన పాత 350 సీసీ టూరింగ్ బండి గురించి రాశారు. ఊళ్లో తిరిగినంతసేపూ బండికి ఏ ఇబ్బందీ ఉండదట. హైవే ఎక్కి నరసన్నపేట దాటాక, 70 కిలోమీటర్ల వేగంలో పికప్ తగ్గి, మిస్సింగ్ వచ్చి ఆగిపోతుందట. కాసేపు పక్కన నిలిపితే ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్ట్ అవుతుందట. ఇద్దరు మెకానిక్‌లు పెట్రోలునూ గాలినీ కలిపి ఇంజనుకు పంపే కార్బురేటర్‌ను విప్పి కడిగినా మార్పు లేదు.

ఈ లక్షణాలు చూస్తే నా అనుమానం ముందు కార్బురేటర్ మీదికి పోదు. జెట్‌లో, అంటే పెట్రోలు వచ్చే సన్నని ఇత్తడి రంధ్రంలో, ఇరుక్కున్న చెత్త కాసేపు నిలిపినంత మాత్రాన సాధారణంగా తొలగిపోదు. కార్బురేటర్‌లో పెట్రోలు నిలవ ఉండే ఫ్లోట్ గిన్నెలోకి పెట్రోలు దిగే వేగం కంటే ఇంజను వాడుకునే వేగం ఎక్కువైతే గిన్నె ఖాళీ అయి బండి ఆగుతుంది, ఆగిన తరువాత గిన్నె నెమ్మదిగా నిండుతుంది కనుక మళ్లీ నడుస్తుంది. అంటే వెతకవలసిన చోటు కార్బురేటర్‌కు పైన ఉంది.

ట్యాంకులో పెట్రోలు తగ్గేకొద్దీ దాని స్థానంలో గాలి చేరాలి. అందుకోసం మూతలో ఉండే సన్నని రంధ్రం దుమ్ముతోనో, తుప్పుతోనో, పాలిష్ మైనంతోనో మూసుకుపోతే లోపల శూన్యం ఏర్పడి పెట్రోలు కిందికి దిగదు. ఈసారి బండి ఆగినప్పుడు మూత తెరవండి. గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు వచ్చి, ఆ వెంటనే బండి స్టార్ట్ అయితే రోగం దొరికినట్టే. రంధ్రం శుభ్రం చేయడానికి ఖర్చేమీ కాదు.

మూత బాగానే ఉంటే, ఇంజను చల్లారిన తరువాత, ఆరుబయట, దగ్గరలో నిప్పు లేకుండా చూసుకుని, పెట్రోలు పైపును కార్బురేటర్ దగ్గర ఊడదీసి గాజు సీసాలోకి వదలండి. ధార మొదటి నుంచీ సన్నగా ఉంటే ట్యాంకు అడుగున పెట్రోలును వదిలి ఆపే కుళాయి, అంటే కాక్, లోపలి జాలీలో మడ్డి పేరుకుని ఉంటుంది. మెయిన్‌లోనూ రిజర్వులోనూ విడివిడిగా చూడాలి. వాక్యూమ్ కాక్ ఉన్న బండ్లలో మాత్రం ఇంజను తిరగనిదే పెట్రోలు రాదు.

ఆ సీసాను కదపకుండా కాసేపు ఉంచండి. మన తీరప్రాంతపు తేమలో, వానాకాలమంతా సగం ఖాళీ ట్యాంకుతో నిలిపిన బండిలో నీరు చేరడం వింత కాదు. పైగా ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటుంది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, అది ఒక హద్దు దాటితే నీరూ ఇథనాలూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు చేరతాయి. కాక్ ఉండేదీ ఆ అడుగునే! సీసా అడుగున వేరే పొర కనిపిస్తే, పైన కొత్త పెట్రోలు పోసి సరిపెట్టకుండా ట్యాంకు మొత్తం ఖాళీ చేయండి. పాత రబ్బరు పైపు మెత్తబడినా, పగుళ్లు తేలినా అదే రోజు మార్చేయండి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నాయని తేలాకే కార్బురేటర్ వంతు. చౌక్ లాగితే తప్ప స్లోలో నిలవని బండిలో స్లోలో పెట్రోలు అందించే పైలట్ జెట్ మూసుకుపోయి ఉండవచ్చు, లేదా కార్బురేటర్‌కూ ఇంజనుకూ మధ్య ఉన్న రబ్బరు గొట్టం పగిలి గాలి చొరబడుతూ ఉండవచ్చు. జెట్లను ఇనుప తీగతో పొడవకండి. ఇత్తడి రంధ్రం కాస్త పెద్దదైనా మిశ్రమం శాశ్వతంగా మారిపోతుంది, కార్బ్ క్లీనరూ గాలి పంపూ చాలు. డయాఫ్రమ్ (పల్చని రబ్బరు పొర) ఉన్న రకమైతే క్లీనర్ కొట్టే ముందు దాన్ని తీసి పక్కన పెట్టాలి, లేకుంటే రబ్బరు ఉబ్బి పాడవుతుంది. స్లోలో గాలి, పెట్రోలు పాళ్లను సరిచేసే మిక్చర్ స్క్రూను విప్పబోయే ముందు లోపలికి తిప్పి, అది పూర్తిగా బిగుసుకోవడానికి ఎన్ని చుట్లు పట్టిందో రాసుకోండి. ఈ ఒక్క పని చేయక చెడగొట్టిన బండ్లే ఎక్కువ అని నా అభిప్రాయం.

ట్యూనింగ్ విషయంలో మరొక మాట. ఒక పాలు పెట్రోలు మండడానికి బరువులో సుమారు 14.7 పాళ్ల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 పాళ్లు చాలు. సెన్సార్లు లేని పాత కార్బురేటర్ ఈ తేడాను గుర్తించలేదు కనుక ఇప్పటి పెట్రోలుతో గాలి అవసరానికి మించి మిశ్రమం కొంత పల్చబడుతుంది, ప్లగ్గు తెల్లబారడం దానికి ఒక సూచన. శృంగవరపుకోట మీదుగా ఘాట్ ఎక్కి, సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకు చేరితే జరిగేది దీనికి విరుద్ధం. అక్కడ గాలి పల్చన కనుక మిశ్రమం చిక్కబడి, బండి కాస్త బరువుగా లాగుతుంది. ఆ కాస్త బరువుకు జెట్లు మార్చనక్కరలేదు, ఘాట్ దిగి వచ్చాక బండి మామూలుగానే లాగుతుంది.