అడుగుల లెక్కతో ఆర్వీ ప్రయాణం: వేగస్, జాయన్, బ్రైస్, గ్రాండ్ కాన్యన్

[దృశ్యం: ఆర్వీ వంటగట్టు మీద ఉబ్బిపోయిన కారప్పూస ప్యాకెట్]

ఈ ప్యాకెట్ చూశారా అండీ? మా అత్తయ్యగారు గుంటూరు నుంచి తెచ్చిన కారప్పూస, ఇంకా సీలు కూడా తీయలేదు. లాస్ వేగస్‌లో మా ఆర్వీ, అంటే వంటగది, మంచాలు ఉండే ఇల్లులాంటి బండి, దాని అలమరాలో పెట్టినప్పుడు మామూలుగానే ఉంది. మూడో రోజు బ్రైస్ కాన్యన్‌లో తలుపు తీస్తే బూరెలా ఉబ్బి కూర్చుంది. పాడైపోయిందని ఆవిడ పారేయబోయారు. పాడవలేదు. వేగస్ ఉండేది 2,000 అడుగుల ఎత్తులో, బ్రైస్ అంచు 8,000 అడుగుల పైన. బయట గాలి పలచబడింది, ప్యాకెట్ లోపల ఉన్నది మాత్రం ఇంకా కింది గాలే.

ఈ ఎడారి, కొండల దారిలో మన ఇంజను, మన పప్పు, మన నీళ్ల పైపు, అన్నిటికీ ఆ ప్యాకెట్‌కి జరిగిందే ఏదో ఒక రకంగా జరుగుతుంది. మనమేమో ప్లాన్ వేసేటప్పుడు మైళ్లే చూస్తాం. నేనూ మొదటిసారి మైళ్లే చూశాను.

[మ్యాప్: వేగస్ నుంచి బయల్దేరి మళ్లీ వేగస్‌కి చేరే గీత, ప్రతి ఊరి పక్కన ఎత్తు]

దారి ఇది. వేగస్ నుంచి జాయన్ నేషనల్ పార్కు, అక్కడి నుంచి బ్రైస్ నేషనల్ పార్కు, పేజ్ ఊరు, గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్ (దక్షిణపు అంచు), తిరిగి వేగస్. మొత్తం దాదాపు 900 మైళ్లు. ఇప్పుడు అడుగులు చూడండి. వేగస్ 2,000. జాయన్ పక్కనున్న స్ప్రింగ్‌డేల్ 3,900. బ్రైస్ 8,000. పేజ్‌కి మళ్లీ 4,300కి దిగుతాం. గ్రాండ్ కాన్యన్‌కి 7,000కి ఎక్కుతాం. అంటే రెండు పెద్ద కొండలు ఎక్కి దిగినట్టు. రోజూ 300 మైళ్లు కొట్టేద్దాం అనుకుంటే డ్రైవరుకి నడుం, పిల్లలకి కడుపు, రెండూ పోతాయి. ఏడు రాత్రులు పెట్టుకోండి. జాయన్‌లో రెండు, బ్రైస్‌లో ఒకటి, పేజ్‌లో రెండు, గ్రాండ్ కాన్యన్‌లో ఒకటి, చివరి రాత్రి వేగస్ బయట.

ఎప్పుడు వెళ్లాలి? నా ఓటు సెప్టెంబరు చివర, అక్టోబరు మొదటి సగం. జులై, ఆగస్టుల్లో వేగస్‌లో ఎండ 105 ఫారెన్‌హీట్ దాటుతుంది, ఆర్వీ ఏసీ చేతులెత్తేస్తుంది. పైగా అది అక్కడి వానల కాలం. ఆ సంగతి పేజ్ దగ్గర చెప్తాను. అక్టోబరులో ఇంకో తమాషా ఉంది: మధ్యాహ్నం వేగస్‌లో ఏసీ కావాలి, బ్రైస్‌లో రాత్రికి నీళ్లు గడ్డకట్టే చలి. సూట్‌కేసులో కాటన్ చీరలు, ఉన్ని టోపీలు పక్కపక్కనే పెట్టుకోవాలి.

[దృశ్యం: 25 అడుగుల క్లాస్ సీ ఆర్వీ, డ్రైవరు సీటు పైన మంచం]

బండి సంగతి. నలుగురైదుగురు ఉంటే 25 అడుగుల పొడవున్న క్లాస్ సీ రకం ఆర్వీ చాలు. డ్రైవరు తల మీద మంచం ఉంటుంది చూడండి, అదే. మన దగ్గరుండే మామూలు కారు లైసెన్సుతోనే అద్దెకిస్తారు. గాలన్‌కి 8 నుంచి 10 మైళ్లు ఇస్తుంది, కాబట్టి ఈ ట్రిప్పుకి సుమారు 100 గాలన్ల పెట్రోలు. అద్దె ఒక్కటే చూసి చవక అనుకోకండి. మైలుకింత, జనరేటర్ గంటకింత అని విడిగా వేస్తారు.

అసలు చిక్కు ఎత్తూ వెడల్పూ. జాయన్ నుంచి బ్రైస్‌కి గూగుల్ మ్యాప్ చూపించే దగ్గరి దారి, జాయన్–మౌంట్ కార్మెల్ టన్నెల్ గుండా వెళ్తుంది. కొండను తొలిచి 1930లో తెరిచారు, పొడవు 1.1 మైళ్లు. అప్పటి కార్లెంత ఉండేవో ఊహించుకోండి. టన్నెల్ కప్పు కమానులా వంగి ఉంటుంది, అందుకని పెద్ద బండి తన లేనులో వెళ్తే పైన గోడకి రాసుకుంటుంది. నడి మధ్యలోంచి వెళ్లాల్సిందే. చాలా ఏళ్లు 15 డాలర్లు కట్టించుకుని, ఎదురు ట్రాఫిక్ ఆపి, ఒక్కో బండినీ అలా పంపించేవాళ్లు. 2026 జూన్ నుంచి అదీ లేదు. 11 అడుగుల 4 అంగుళాల కంటే ఎత్తు, లేదా 7 అడుగుల 10 అంగుళాల కంటే వెడల్పు ఉంటే ఆ దారిలోకే రానివ్వరు. క్లాస్ సీ బళ్లు దాదాపు అన్నీ ఈ కొలత దాటిపోతాయి. పాత వీడియోలు చూసి వెళ్లకండి, ప్లీజ్.

మరి ఎలా? హరికేన్ అనే ఊరికి వెనక్కొచ్చి 59 నంబరు రోడ్డు పట్టుకోండి. ఊరు దాటీ దాటగానే కొండ అంచు మీదికి గట్టి ఎక్కుడు. ఆ పైన అంతా బల్లపరుపు ఎడారి. ఫ్రెడోనియా, కనాబ్ మీదుగా బ్రైస్. టన్నెల్ దారి 85 మైళ్లయితే ఇది దాదాపు రెట్టింపు. ఆ రోజుని పూర్తిగా ప్రయాణానికే వదిలేయండి.

జాయన్ లోపల మాత్రం ఆర్వీతో పనే లేదు. మార్చి నుంచి నవంబరు దాకా లోయలోకి సొంత బళ్లు వెళ్లనివ్వరు, పార్కు వాళ్ల షటిల్ బస్సులే. వాచ్‌మన్ క్యాంప్‌గ్రౌండ్‌లో కరెంటున్న సైటు దొరికితే అదృష్టమే. రిక్రియేషన్ డాట్ గవ్ వెబ్‌సైటులో ఆరు నెలల ముందు బుకింగ్ తెరుస్తారు, తెరిచిన పొద్దున్నే లాగిన్ అయి కూర్చోండి. తిరుమల దర్శనం టికెట్లకి కూర్చుంటామే, అలాగే.

[దృశ్యం: స్పీడు తగ్గుతూ కొండెక్కుతున్న బండి]

ఎక్కుడు గురించి. టర్బో లేని పెట్రోలు ఇంజనుకి ప్రతి 1,000 అడుగులకీ సుమారు 3 శాతం బలం తగ్గుతుంది. బ్రైస్ దగ్గరికొచ్చేసరికి దాదాపు నాలుగో వంతు పోయినట్టే. బండి మూలుగుతుంది, స్పీడు 40కి పడిపోతుంది. కంగారు పడకండి, కుడి లేనులో నింపాదిగా వెళ్లండి. ఇంజను వేడెక్కుతుంటే ఏసీ ఆపేయండి. నాకు భయం వేసింది ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు. మన ఘాట్ రోడ్ల మీద లారీ డ్రైవర్లు దిగుడులో చిన్న గేరు వేస్తారే, ఇక్కడా అంతే. టో హాల్ అని ఒక బటన్ ఉంటుంది, అది నొక్కితే బండి తనే గేరు తగ్గించి ఇంజనుతో ఆపుకుంటుంది. బ్రేకు మీద కాలు పెట్టి అలాగే ఉంచారంటే బ్రేకులు కాలిన వాసన వస్తుంది. వచ్చింది కూడా, మా ఆయన నడుపుతున్నప్పుడు.

[దృశ్యం: స్టవ్ మీద కుక్కర్]

ఇక బ్రైస్‌లో వంట. 8,000 అడుగుల దగ్గర నీళ్లు 100 డిగ్రీలకి కాదు, 92 సెల్సియస్‌కే మరిగిపోతాయి. అంతకు మించి వేడెక్కవు. గిన్నెలో కందిపప్పు పెట్టి గంట చూసినా పలుకు పలుకుగానే ఉంటుంది. కుక్కర్ తీసుకెళ్లండి, ఇంట్లో కంటే రెండు విజిల్స్ ఎక్కువ రానివ్వండి. తాలింపు మాత్రం బయటే. తలుపులు మూసి ఎండుమిరపకాయలు వేశామా, స్మోక్ అలారం క్యాంపంతా లేపుతుంది. ఇండక్షన్ స్టవ్ తెచ్చుకునేవాళ్లకి ఒక మాట: క్యాంపుల్లో బండికిచ్చే 30 ఆంపుల ప్లగ్గు అంటే మొత్తం 3,600 వాట్లు. ఏసీ, మైక్రోవేవ్, ఇండక్షన్ మూడూ కలిపి వేస్తే బ్రేకర్ పడిపోతుంది. బ్రైస్ పార్కు లోపలి క్యాంపుల్లో ఆ ప్లగ్గు కూడా లేదు. కరెంటు, నీళ్లు, డ్రైన్ కనెక్షన్లేవీ ఉండవు. ఈ కనెక్షన్లు, అంటే హుక్అప్, కావాలంటే పార్కు గేటు బయటే. అక్కడుంటే రాత్రి పడుకునే ముందు నీళ్ల పైపు విప్పి లోపల పెట్టండి, లేకపోతే తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతుంది.

ఎవరూ పైకి చెప్పనిది ఒకటి చెప్తాను, నవ్వకండి. ఈ బండిలో మూడు ట్యాంకులుంటాయి: మంచినీళ్లు, స్నానం నీళ్లు, టాయిలెట్. ఒక్కోటీ ముప్పై, నలభై గాలన్లు. అమెరికా వాళ్ల వీడియోల్లో టాయిలెట్ ట్యాంకు నాలుగైదు రోజులొస్తుందంటారు. వాళ్లు కాగితం వాడతారు, మనం మగ్గు వాడతాం. ఐదుగురుంటే రెండు రోజులకే నిండింది మాకు. కాబట్టి రెండు రోజులకోసారి డంప్ స్టేషన్, అంటే ఈ మురుగు వదిలే చోటు, పడేలా రాత్రులు పంచుకోండి. బ్రైస్‌కి ఎక్కే ముందు ఒకసారి, పేజ్‌లో ఇంకోసారి. ముందు టాయిలెట్ ట్యాంకు వదలాలి, తర్వాత స్నానం నీళ్లు. ఆ రెండో నీళ్లతో పైపు కడుక్కుపోతుంది. చేతికి గ్లవ్స్ మర్చిపోకండి.

[దృశ్యం: ఆంటిలోప్ కాన్యన్ ఎర్రటి గోడల మధ్య సన్నటి వెలుగు]

పేజ్. ఆంటిలోప్ కాన్యన్ ఉండేది నవాహో నేషన్, అంటే నవాహో తెగవాళ్ల సొంత పాలనలో ఉన్న భూమిలో. వాళ్ల గైడుతో తప్ప లోపలికి వెళ్లనివ్వరు. ఎందుకన్నది 1997 ఆగస్టు 12న తెలిసింది. ఎక్కడో మైళ్ల అవతల కురిసిన వాన ఈ ఇరుకు గోడల మధ్యకి వరదై వచ్చి 11 మంది ప్రాణం తీసింది. నెత్తి మీద మబ్బు లేకపోయినా వరద రావచ్చు. జులై, ఆగస్టు వద్దన్నది అందుకే.

ఇక్కడ టైము కూడా ఆటలాడుతుంది. యూటాలో ఎండాకాలానికి గడియారం గంట ముందుకి జరుపుతారు, అరిజోనాలో జరపరు, అరిజోనాలోనే ఉన్న నవాహో నేషన్‌లో జరుపుతారు! పేజ్ ఊరు నడిచేది అరిజోనా టైముతో. మా ఫోను యూటా టవర్ పట్టుకుని, టూరుకి గంట ముందే తీసుకెళ్లి కూర్చోబెట్టింది. మామయ్యగారు హాయిగా కునుకు తీశారు. అదే పేజ్ టైము పట్టుకుని, నవాహో నేషన్‌లో ఉన్న మాన్యుమెంట్ వ్యాలీకి వెళ్తే గంట ఆలస్యమయ్యేవాళ్లం. అందుకే టికెట్ మీద రాసిన టైము ఎవరిదో అడిగి కనుక్కోండి.

పేజ్ నుంచి 89 రోడ్డు మీద దక్షిణానికి వెళ్తే ఎకో క్లిఫ్స్ దగ్గర పెద్ద దిగుడు ఉంది. 2013 ఫిబ్రవరిలో అక్కడ రోడ్డే కుంగిపోయి, మళ్లీ తెరవడానికి రెండేళ్లు పట్టింది. ఇప్పుడు బాగుంది, చిన్న గేరు మాత్రం మర్చిపోవద్దు. కామెరన్‌లో ట్యాంకు నింపి 64 మీదికి తిరిగితే, 4,200 నుంచి డెజర్ట్ వ్యూ దగ్గర 7,400 దాకా ఎక్కుడే. గ్రాండ్ కాన్యన్ లోపల ట్రైలర్ విలేజ్ అనే క్యాంపులో కరెంటు, నీళ్లు, డ్రైన్ మూడూ ఉన్నాయి. బ్రైస్ తర్వాత అక్కడ వేడి నీళ్ల స్నానం ఎంత గొప్పగా ఉంటుందో చెప్పలేను. కాన్యన్ గురించి నేను వర్ణించను, పొద్దున ఐదున్నరకి దుప్పటి కప్పుకుని అంచు దగ్గరికి వెళ్లండి, అంతే.

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటే టికెట్ల లెక్క ముందే చూసుకోండి. 2026 జనవరి నుంచి ఏడాది పాస్ ఇక్కడుండేవాళ్లకి 80 డాలర్లు, విదేశీయులకి 250. పాస్ లేని విదేశీయులకి జాయన్, బ్రైస్, గ్రాండ్ కాన్యన్‌లతో కలిపి 11 పార్కుల్లో, 16 ఏళ్లు నిండిన ఒక్కొక్కరికీ మామూలు టికెట్ మీద ఇంకో 100.

తిరుగు ప్రయాణం విలియమ్స్, కింగ్‌మన్ మీదుగా 280 మైళ్లు. ఆ దారిలో పక్కగాలి బండిని తోస్తుంది, స్టీరింగ్ రెండు చేతుల్తో పట్టుకోండి. చివరి పొద్దున టాయిలెట్, స్నానం నీళ్ల ట్యాంకులు రెండూ ఖాళీ చేసి, పెట్రోలు నింపి, బండి నాలుగు వైపులా వీడియో తీసుకుని అప్పజెప్పండి. పదకొండుకి ఇవ్వాలంటే పదకొండుకే ఇవ్వాలి. నవంబరు మొదటి ఆదివారం దాకా నెవాడా టైమూ అరిజోనా టైమూ ఒకటే కాబట్టి, ఆ రోజు ఫోనుని నమ్మొచ్చు.