పొగమంచు తీసేస్తే బయటపడ్డ ఊరు

నమస్తే అండీ అందరికీ. వెనక కూర్చున్నవాళ్ళకి వినబడుతోందా? సరే.

రెండు నెలల కిందట నేనొక పని చేశా, చేసి ఉండకూడదేమో. ప్రాజెక్ట్ ఐజీఐ మళ్ళీ ఇన్‌స్టాల్ చేశా. 2000లో వచ్చిన, శత్రువుల స్థావరంలోకి దూరి కాల్చే గేమ్ అది, పేరు వినగానే ఇక్కడ సగంమందికి ఆ కంచె, ఆ వాచ్ టవర్, ఆ సైరన్ గుర్తొచ్చేశాయని మీ మొహాలు చూస్తేనే తెలుస్తోంది. అప్పట్లో నా లెక్కలో అంతకి మించిన గేమ్ లేదు, ఎవడైనా వచ్చి ఏదైనా కొత్త గేమ్ గురించి గొప్పలు చెప్తే "ముందు ఐజీఐ ఫినిష్ చేసి మాట్లాడు" అని నోరు మూయించేవాణ్ణి.

మొన్న ఆడితే ఏమైందంటే, కొండ మీద నిలబడి బైనాక్యులర్స్‌తో అంతా చూసుకున్నా, మెల్లగా దిగా, కంచె దాటా, కెమెరాల కంట పడకుండా పాక్కుంటూ వెళ్ళి ఒక బిల్డింగ్ మొత్తం ఖాళీ చేశా, ఇంతలో ఎక్కడో తప్పు జరిగి సైరన్ మోగింది, ఇప్పుడే నా చేతులతో ఖాళీ చేసిన అదే బిల్డింగ్ లోంచి మళ్ళీ గార్డులు బయటికొచ్చారు. ఎక్కణ్ణుంచి వచ్చార్రా మీరు! వాళ్ళని కాల్చా, ఇంకా వచ్చారు. సరే పోనీ అని పరిగెత్తి ఇరవై ఐదు నిమిషాలు కష్టపడి ఆఖరిదాకా వచ్చా, వెనకనుంచి ఎవడో కాల్చాడు, అయిపోయింది. మళ్ళీ మొదట్నుంచి. ఎందుకంటే ఐజీఐలో మిషన్ మధ్యలో సేవ్ లేదు, ఆ సంగతి నేను నిజంగానే మర్చిపోయా. చిన్నప్పుడు ఇదే పని సాయంత్రమంతా వరసపెట్టి చేసేవాణ్ణి, పైగా సంతోషంగా చేసేవాణ్ణి, ఈసారి మూడో ట్రైకే మౌస్ పక్కన పెట్టేసి సీలింగ్ వైపు చూస్తూ కూర్చున్నా.

అప్పుడు పట్టుకుంది నాకీ ప్రశ్న. గేమ్‌లో ఒక్క అక్షరం మారలేదు కదా. అదే ఫైలు, అదే కోడు. తుప్పు పట్టదు, చెదలు పట్టవు. మరి "ఏజ్ అవ్వడం" అంటున్నామే, అది ఎక్కడ జరిగినట్టు?

అందరూ ముందు అనేది గ్రాఫిక్స్. నాకైతే గ్రాఫిక్స్ మీద అంత కోపం లేదు, ఇంకా చెప్పాలంటే చాలాసార్లు ఆ నింద అన్యాయం. మెగాడ్రైవ్ అనే పాత గేమ్ మెషీన్‌లో 1991 నాటి సోనిక్ ఉంది కదా, మొదటి లెవెల్‌లో జలపాతం చూడండి, ఇప్పటి టీవీలో నిలువు గీతలు గీతలుగా దోమతెరలా ఉంటుంది. అప్పటి డబ్బా టీవీలో, ఆ పాత వీడియో కేబుల్లో ఆ గీతలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి వెనకున్నది కనబడే నీళ్ళలా ఉండేవి. అంటే టీవీ మసకదనాన్ని కూడా వాళ్ళు రంగులాగా వాడుకున్నారు. ఇప్పుడు మనం పెద్ద ఎల్ఈడీలో పెట్టుకుని, ఛీ ఇదేం బొమ్మ అంటున్నాం.

డక్ హంట్ సంగతైతే ఇంకా ఘోరం, టీవీ వైపు బొమ్మ తుపాకీ పెట్టి బాతుల్ని కాల్చే 1984 గేమ్, అసలు ఆడలేం. తుపాకీ ట్రిగ్గర్ నొక్కగానే స్క్రీన్ కళ్ళు మూసి తెరిచేలోగా నల్లగా అయ్యి బాతు ఉన్నచోట మాత్రం తెల్ల డబ్బా వస్తుంది, తుపాకీ గొట్టంలో ఉన్న సెన్సర్ ఆ తెలుపుని చూస్తే తగిలినట్టు. అంటే తుపాకీలోంచి ఏమీ బయటికి రాదు, అదే టీవీ వైపు చూస్తోంది అన్నమాట. ఇది తెలిసినరోజు నాకు నిజంగా మతిపోయింది. ఇప్పటి టీవీ బొమ్మని కాస్త ఆలస్యంగా చూపిస్తుంది, ఆ కాస్త ఆలస్యానికే సెన్సర్ చూసే టైము దాటిపోతుంది, బాతు ఎగిరిపోతుంది, కుక్క మనల్ని చూసి నవ్వుతుంది. ఆ కుక్కని మాత్రం అప్పుడూ కాల్చలేకపోయాం, ఇప్పుడూ కాల్చలేం.

సరే, ఇప్పుడు జీటీఏ శాన్ ఆండ్రియాస్ గేమ్‌కి వద్దాం. 2004, పీఎస్2, అంటే ప్లేస్టేషన్ 2. ఆ మెషీన్‌లో ర్యామ్ మొత్తం 32 ఎంబీ, ఇవాళ మీ ఫోన్‌తో తీసిన కొన్ని ఫొటోలకే నిండిపోతుంది. అంత మెమరీలో మూడు సిటీలు, మధ్యలో ఎడారి, అడవి, ఒక పెద్ద కొండ. అదెలా పెట్టారంటే దూరంగా ఉన్నది చూపించలేదు, మధ్యలో పొగ అడ్డం పెట్టారు. ఆ నారింజ రంగు మసక మనకేమో సాయంత్రం ఎండలా, సిటీ దుమ్ములా అనిపించింది, మెషీన్‌కేమో అది పరదా. మనం బైక్ మీద చిలియాడ్ కొండెక్కి చూస్తే దూరంగా ఏమీ కనబడేది కాదు, అందుకే ఆ దూరం అనంతం అనిపించేది. 2021లో రీమాస్టర్, అంటే పాత గేమ్‌కే కొత్త మెరుగులు దిద్దినది, వచ్చింది, మొదట రిలీజైనప్పుడు ఆ పొగ తీసేశారు. కొండెక్కితే మూడు సిటీలూ ఒకే చూపులో కనబడ్డాయి, పెరట్లో పిల్లలు కట్టుకున్న బొమ్మరిళ్ళలాగా, ఒకదాని పక్కన ఒకటి. అంతసేపు డ్రైవ్ చేసింది ఇంత చిన్న జాగాలోనా! నాకు నిజంగా బాధేసింది, చిన్నప్పుడు చాలా పెద్దది అనుకున్న వీధికి పెద్దయ్యాక వెళ్తే ఎలా ఉంటుందో అలా అన్నమాట. తర్వాత 2024లో అప్‌డేట్‌తో పాత ఆకాశం, పాత మసక మళ్ళీ తెచ్చారు.

సైలెంట్ హిల్ అనే హారర్ గేమ్‌దీ ఇదే కథ. 1999లో మొదటిది, మెషీన్ దూరాన్ని గీయలేక మంచు వేసింది, ఆ మంచే భయం అయ్యింది, రెండో భాగానికి మంచే బ్రాండ్ అయిపోయింది. 2012లో హెచ్‌డీ అని తెచ్చి ఆ రెండో భాగంలో మంచు పల్చన చేసేసరికి ఎవరూ చూడకూడదని దాచినవన్నీ, మధ్యలోనే తెగిపోయిన నీళ్ళతో సహా, బయటపడ్డాయి. ఇందులో ముసలితనం గేమ్‌దా, శుభ్రం చేద్దామని దూరిన చేతిదా? నేను రెండోదే అంటా.

ఇప్పుడు చేతుల సంగతి. ఇది కొంచెం ఓపిగ్గా వినండి, నా అసలు గొడవ ఇక్కడే ఉంది.

గోల్డెన్‌ఐ అనే షూటింగ్ గేమ్, 1997, నింటెండో 64 మెషీన్. కంట్రోలర్‌కి ఒక్కటే స్టిక్. దాంతోనే ముందుకెళ్ళాలి, దాంతోనే తిరగాలి, పక్కకి జరగాలంటే పసుపు బటన్లు. ఇవాళ ఎవరికిచ్చినా గోడకి గుద్దుకుంటూ తిరుగుతారు, నేనూ అంతే. రెండు స్టిక్కులుంటే ఎడమది నడవడానికి, కుడిది చూడటానికి, ఇది మనకిప్పుడు అన్నం తిన్నంత మామూలు కదా? కానీ 2000లో ప్లేస్టేషన్‌లో ఏలియన్ రిసరెక్షన్ అని ఒక గేమ్ అచ్చం ఇదే పద్ధతితో వచ్చింది, అప్పుడొక రివ్యూలో గేమ్‌లో ఉన్నవాటన్నిటిలోకీ ఎక్కువ భయపెట్టేవి కంట్రోల్సే అన్న అర్థంలో రాశారు. ఆ రివ్యూ చూసి ఇప్పుడు అందరూ నవ్వుతారు, నేనైతే నవ్వను. ఆ రోజుకి ఆ చేతులకి అది నిజం. మన చేతులు ఆ తర్వాత మారాయి, మారిన చేతులతో పాతవాటిని పట్టుకుని గేమ్ బాలేదంటున్నాం.

టూంబ్ రైడర్ దీనికి ఇంకా మంచి ఉదాహరణ. 1996ది. అందులో హీరోయిన్ లారా తిరగడం ట్రక్కు రివర్స్ చేసినట్టు ఉంటుంది, టాంక్ కంట్రోల్స్ అని ఊరికే అనలేదు. నేనూ మొదటి గంట తిట్టుకున్నా. తర్వాత చిన్నప్పటి అలవాటు ఒకటి వేళ్ళకి గుర్తొచ్చింది, బుర్రకి కాదు. అంచుకి వచ్చి ఆగి, ఒక్కసారి వెనక్కి గెంతి, అక్కణ్ణుంచి పరిగెత్తి జంప్ నొక్కి పట్టుకోవడం. ఆ ప్రపంచం మొత్తం సమానమైన గళ్ళమీద కట్టారు, నిలబడి దూకితే ఒక గడి, పరిగెత్తి దూకితే రెండు, చివర చేత్తో పట్టుకుంటే మూడు. ఆ వెనక్కి గెంతడం సరిగ్గా పరుగుకి కావలసినంత చోటిస్తుంది. అంటే దూకేముందే కంటితో కొలిచి అందుతుందో లేదో చెప్పొచ్చు, లక్కు ప్రసక్తే లేదు, చదరంగంలో గుర్రం లెక్క వేసినట్టే. 2024 రీమాస్టర్‌లో కొత్త కంట్రోల్స్ కూడా ఇచ్చారు, వాటితో నడక హాయిగా ఉంది గానీ ఆ కొలత నా చేతిలోంచి జారిపోయింది, రెండు లెవెల్స్ అయ్యాక మళ్ళీ పాతదానికే మార్చుకున్నా.

అలాగని పాతవన్నీ బంగారం అని చెప్పడానికి రాలేదు నేను. కొన్ని అప్పుడూ చెత్తే, మనకి తెలీలేదంతే. 1987 కాసిల్‌వేనియా రెండో భాగం ఉంది, ఒక కొండ అంచు దగ్గర ఎర్ర రాయి చేతిలో పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చుని కాసేపు కదలకుండా ఉండాలి, సుడిగాలి వచ్చి తీసుకెళ్తుంది. ఇది ఎవడికి తడుతుంది చెప్పండి? దీన్ని డిజైన్ అని మాత్రం నేను ఒప్పుకోను. మెటల్ గేర్ సాలిడ్‌లో కూడా ఒక రేడియో నంబర్ కోసం ఆ గేమ్ వచ్చిన సీడీ డబ్బా వెనకాల చూడమంటారు, అది మాత్రం నాకు భలే ఇష్టం, కాకపోతే ఇప్పుడు డౌన్‌లోడ్ చేసుకున్నవాడికి డబ్బా ఏది?

ఇన్ని ఆడాక నాకు తేలింది ఏంటంటే, బొమ్మ పాతదైతే పది నిమిషాల్లో కన్ను సర్దుకుంటుంది, కంట్రోల్స్ పాతవైతే రెండు గంటల్లో చెయ్యి సర్దుకుంటుంది. సర్దుకోనిది టైమ్ ఒక్కటే. ఫైనల్ ఫాంటసీ 7లో ఫైట్‌లో నైట్స్ ఆఫ్ రౌండ్ అనే వీరుల్ని సాయానికి పిలిస్తే ఆ నైట్‌లు వరసగా వచ్చి కొట్టి వెళ్ళేదాకా నిమిషం పైనే, స్కిప్ లేదు. 1997లో మేం స్కూల్ నుంచి వచ్చి నోరెళ్ళబెట్టి చూశాం, మళ్ళీ మళ్ళీ చూశాం. తర్వాత రీ-రిలీజుల్లో మూడింతల స్పీడు బటన్ పెట్టారు, నడుస్తుంటే ఊరికే వచ్చిపడే ఫైట్లు ఆపేసే ఆప్షన్ పెట్టారు, అంటే వాళ్ళకీ తెలుసు ఎక్కడ నొప్పో. బొమ్మలు మాత్రం పెద్దగా ముట్టుకోలేదు.

ఐజీఐలో సేవ్ లేకపోవడం అప్పుడు నాకు లోపంలా తోచలేదు, ఎందుకంటే నా దగ్గర గేమ్స్ మూడే ఉన్నాయి, సెలవులు రెండు నెలలు ఉన్నాయి. ఇరవై ఐదు నిమిషాలు పోతే ఏం పోయింది, ఇంకా బోలెడు ఉన్నాయిగా. ఇవాళ నా లైబ్రరీలో అసలు ఓపెన్ చెయ్యని గేమ్సే నలభై దాకా ఉన్నాయి, నాకేమో రాత్రి పదిన్నర తర్వాత గంట దొరికితే ఎక్కువ.

ఇక్కడ మీలో కొందరు టెట్రిస్ అంటారని తెలుసు. అవును, 1984లో పుట్టింది, దానికి వయసు లేదు. అందులో మీ టైమ్ పోదు, ఓడిపోతే అర సెకనులో మళ్ళీ మొదలు. 1989 నాటి నింటెండో టెట్రిస్‌ని 2023 డిసెంబర్‌లో ఒక 13 ఏళ్ళ కుర్రాడు లెవెల్ 157 దాకా ఆడి గేమే హ్యాంగ్ అయిపోయేలా చేశాడు. వాడికి ఇందులో పాత జ్ఞాపకాలు ఏముంటాయి చెప్పండి, వాడు పుట్టేసరికే అది ఇరవై ఏళ్ళు దాటిన గేమ్.

ఇంతకీ ఐజీఐ తీసెయ్యలేదు. నిన్న రాత్రి ఈ టాక్‌కి ప్రిపేర్ అవుదామని కూర్చుని, నోట్స్ పక్కన పడేసి అదే మిషన్ మళ్ళీ పెట్టా. ఈసారి సైరన్ మోగలేదు, ఆఖరి గేటు దాకా వచ్చేశా, చెయ్యి కొంచెం వణికింది కూడా, అంత వయసొచ్చాక సిగ్గుగానే ఉంది చెప్పుకోవడానికి. గేటు పక్కన ఒక గార్డ్ ఉన్నాడు, అటు తిరిగి ఉన్నాడు అనుకున్నా. ఇటే తిరిగి ఉన్నాడు.

ప్రశ్నలు ఉంటే అడగండి, గేటు దగ్గర ఆ గార్డ్‌ని ఎలా దాటాలో తెలిసినవాళ్ళకి ముందు మైక్ ఇస్తా.