మూసీ ఒడ్డున పార్కు... ఎవరి కోసం?

యాంకర్: నమస్కారం. మూసీ సుందరీకరణ అనగానే చాలామందికి లైట్లు, బోట్లు, వాకింగ్ ట్రాకులు గుర్తొస్తాయి. 2024లో నదిగర్భంలోని ఇళ్ల మీద ఎర్ర రంగుతో ఆర్‌బీ-ఎక్స్ అని, అంటే రివర్ బెడ్‌లో ఉంది, తొలగించాలి అని గుర్తుగా రాసినప్పటి నుంచి అక్కడివాళ్లకు మాత్రం ఆ మాట వింటేనే టెన్షన్. ఆర్కిటెక్ట్ గారూ, నది ఒడ్డున పార్కు అంటే ముందు ఏం చూడాలండీ?

ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్: నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో చూడాలండీ. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగినప్పుడు అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బతికారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. తర్వాత వచ్చిన విశ్వేశ్వరయ్య గారు ఎగువన జలాశయాలు కట్టమన్నారు, ఊళ్లో ఒడ్లను తోటలు చేయమనీ అన్నారు. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. అంటే అప్పట్లోనే తోటను వరద పనిలో భాగంగా చూశారు. ఇప్పుడు రెండు వైపులా గోడలు లేపి పైన గ్రానైట్ పరిస్తే నీళ్లు ఇంకవు, వేగం పెరిగి దిగువ ఊళ్ల మీద పడతాయి. వరదకు మునిగినా మళ్లీ తేరుకునే ఒడ్డు కావాలి, కానుగ, నేరేడు లాంటి చెట్లు కావాలి. లాన్ వేస్తే ఎండాకాలం అంతా ట్యాంకర్లే.

యాంకర్: అమ్మా, మీరు ఒడ్డునే ఉంటున్నారు. మీరేమంటారు?

బస్తీ మహిళా సంఘం సభ్యురాలు: పార్కు వద్దని మేమెందుకంటాం సార్, మా పిల్లలు ఆడుకోవడానికి జాగా ఏదీ? కానీ ఇప్పుడున్న పార్కులు చూడండి, పొద్దున వాకింగ్‌వాళ్లు వెళ్లగానే గేటుకు తాళం పడుతుంది, మళ్లీ సాయంత్రమే తీస్తారు. నీడ కావాల్సింది మధ్యాహ్నం కదా! కూరగాయల గంప దించుకుని కాసేపు కూర్చుందామంటే ఎక్కడికి పోవాలి? బెంచీ ఉంటే నడుం వాల్చకుండా మధ్యలో ఇనుప కడ్డీ. బాత్రూం ఉంటే దానికీ తాళం. టికెట్ పది రూపాయలే కదా అంటారు, ఇంటిల్లిపాదీ పోతే ఎంతవుతుందో లెక్కేయండి.

ఆర్కిటెక్ట్: ఆమె చెప్పింది అక్షరాలా నిజం. గేటు ఎప్పుడు తీయాలన్నది కూడా డిజైనే, మావాళ్లు దాన్ని వాచ్‌మన్‌కి వదిలేస్తున్నారు. ఇంకొకటి, మొక్కలు నాటడానికి డబ్బుంటుంది, మూడేళ్లు నీళ్లు పోసే మనిషికి జీతం ఉండదు. ఆ పని బస్తీవాళ్లకే ఇవ్వాలి. దిగువన పీర్జాదిగూడ వైపు మూసీ నీళ్లతోనే పశువుల గడ్డి పెంచి బతికేవాళ్లున్నారు, మన ప్లానులో వాళ్ల ఊసే లేకపోతే ఎలా? అసలు మురుగు శుద్ధి చేయకుండా పైన ఎన్ని పూలు పెంచినా ఆ కంపులో ఎవరు కూర్చుంటారు?

యాంకర్: వరద దారిలో ఉన్న ఇళ్లు ఖాళీ చేయక తప్పదు కదమ్మా?

సభ్యురాలు: నీళ్లొస్తే ముందు మునిగేది మేమే సార్, 2020 అక్టోబర్‌లో చూశాం కదా. డబుల్ బెడ్రూం ఇస్తామంటే సంతోషమే, కానీ నేను పనిచేసే ఇళ్లు, పిల్లల బడి అన్నీ ఇక్కడే ఉన్నాయి. దగ్గర్లో ఇవ్వండి, తాళంచెవి చేతిలో పెట్టాకే కూల్చండి. ఆ ప్లానేదో మా బస్తీకి తెచ్చి చూపించండి, ఆదివారం సాయంత్రం రండి, అప్పుడైతే అందరం ఉంటాం.