357 డాలర్ల 74 సెంట్లు: లేక్‌వుడ్‌లో బస్సు తప్పా, బిల్లు తప్పా?

అందరికీ నమస్కారం. 357 డాలర్ల 74 సెంట్లు. ఈ నంబర్ ఎక్కడైనా రాసి పెట్టుకోండి, వీడియో అయిపోయేలోపు నేను దీన్ని చాలాసార్లు చెప్తా, మీకు విసుగొచ్చినా చెప్తా.

పోయిన వారం లేక్‌వుడ్ స్కూల్ బస్సుల మీద ఒక షార్ట్ పెట్టాను కదా. న్యూజెర్సీలో ఉన్నవాళ్ళకి ఈ గొడవ తెలుసు: యూదుల మతబడులు, అంటే యెషీవాలకి వెళ్ళే వేలమంది పిల్లల బస్సు ఖర్చు పబ్లిక్ డబ్బులోంచి పోతోంది, అక్కడి పబ్లిక్ స్కూళ్ళేమో, అంటే ప్రభుత్వ బడులు, అప్పుల్లో మునిగిపోయాయి. దాని కింద మనవాళ్ళ కామెంట్లు చూశాను. "మన టాక్స్ డబ్బుతో వాళ్ళ మతం బడికి బస్సులేంటన్నా?" "సొంత కార్లో దింపుకోమను అన్నా." "ఇండియాలో ఇలా చేస్తే ఎంత గోల చేసేవాళ్ళు?" ఒకాయనైతే ఏకంగా ఆ మనుషుల్నే తిట్టడం మొదలుపెట్టాడు, ఆ కామెంట్ నేను తీసేశాను, మళ్ళీ పెట్టినా మళ్ళీ తీసేస్తాను.

నా మాట ఇది. బస్సు తప్పు కాదు. బిల్లు తప్పు. మతం బడికి వెళ్ళే పిల్లాడికి ప్రభుత్వం బస్సు వేయడంలో నాకే ఇబ్బందీ లేదు, ఆ బస్సు డబ్బు పక్క బడిలో కూర్చున్న పేద పిల్లాడి క్లాస్‌రూమ్‌లోంచి లాగుతున్నారు చూడండి, అక్కడే నాకు మండుతోంది.

ఇప్పుడు ఆ నంబర్ సంగతి. న్యూజెర్సీ రాజధాని ట్రెంటన్ పక్కన యూయింగ్ అని టౌన్‌షిప్, కాలేజ్ ఆఫ్ న్యూజెర్సీ ఉంది చూడండి, అదే ఊరు. అప్పట్లో యూయింగ్‌కి సొంత హైస్కూల్ లేదు, పిల్లలు ట్రెంటన్‌కో పెన్నింగ్టన్‌కో మామూలు సిటీ బస్సులో టికెట్ కొనుక్కుని వెళ్ళేవాళ్ళు. 1941లో న్యూజెర్సీ ఒక చట్టం చేసింది, దాన్ని పట్టుకుని యూయింగ్ స్కూల్ బోర్డు ఆ బస్సు ఛార్జీలు తల్లిదండ్రులకి తిరిగి ఇస్తామంది, క్యాథలిక్ బడులకి వెళ్ళే పిల్లల తల్లిదండ్రులకి కూడా. ఎవర్సన్ అనే ఆయన, ఆ ఊళ్ళో టాక్స్ కట్టేవాడు, కోర్టుకెళ్ళాడు. నా డబ్బు చర్చి బడికి ఎందుకు అని. కేసు నడిచీ నడిచీ సుప్రీంకోర్టు దాకా పోయింది. 1947 ఫిబ్రవరి 10న తీర్పు, 5-4తో బోర్డుదే గెలుపు.

బోర్డు ఇచ్చిన మొత్తం 8,034 డాలర్ల 95 సెంట్లు. అందులో క్యాథలిక్ బడుల పిల్లల వాటా 357 డాలర్ల 74 సెంట్లు. అంతే! ఈ చిన్న మొత్తం మీద అమెరికా దేశం మొత్తానికి మతానికీ ప్రభుత్వానికీ మధ్య గీత ఎక్కడ గీయాలో తేల్చారు. ప్రభుత్వం ఏ మతాన్నీ నెత్తికెత్తుకోకూడదని అమెరికా రాజ్యాంగం ఫస్ట్ అమెండ్‌మెంట్‌లో ఉన్న నిషేధం రాష్ట్రాలకి కూడా వర్తిస్తుందని సుప్రీంకోర్టు చెప్పింది ఈ కేసులోనే.

మెజారిటీ తీర్పు రాసింది జస్టిస్ హ్యూగో బ్లాక్. ఆయన ఏమంటాడంటే, చర్చికీ ప్రభుత్వానికీ మధ్య గోడ ఉంది, ఎత్తుగా ఉండాలి, చిన్న బీట కూడా పడనివ్వం అంటాడు, అంతా చెప్పి చివర్లో న్యూజెర్సీ ఆ గోడని దాటలేదు అంటాడు! ఎందుకంటే బస్సు అనేది ఫైరింజన్ లాంటిది, పోలీసు లాంటిది, డ్రైనేజీ లాంటిది, మతం బడి కదా అని ఫైరింజన్ రాకుండా ఉంటుందా అని. ఆ మాట నాకు నచ్చుతుంది, ఒప్పుకుంటా. కానీ ఎదురు తీర్పు రాసిన జస్టిస్ జాక్సన్ అన్నదీ నిజమే. యూయింగ్ వాళ్ళు అసలు బస్సే నడపట్లేదు, పిల్లలు అందరిలాగే మామూలు ప్యాసింజర్లుగా వెళ్తున్నారు, వాళ్ళకి అదనంగా ఏ రక్షణా రావట్లేదు, జరుగుతున్నదల్లా తల్లిదండ్రుల చేతికి డబ్బివ్వడం. మరి ఇందులో ఫైరింజన్ ఎక్కడుంది?

ఇంకో జడ్జి రట్లెడ్జ్, ఆయనదీ ఎదురు తీర్పే, 1785లో జేమ్స్ మాడిసన్, అంటే తర్వాత అమెరికా ప్రెసిడెంట్ అయినాయన, రాసిన పిటిషన్‌ని తీర్పు చివర మొత్తం జతచేశాడు. అందులో వాదన, మతం పేరుతో మూడు పెన్నీలు వసూలు చేయగలిగినవాడు రేపు ఏదైనా చేయించగలడు, చిన్న మొత్తమే కదా అని వదలకండి అని. నాకైతే జడ్జీలందరిలో రట్లెడ్జే అసలు రోగాన్ని పట్టుకున్నాడనిపిస్తుంది. అందరూ 357 డాలర్ల వైపు చూశారు, చిన్నదే పోనీలే అనిపించింది. ఆ 357 ఏదో ఒక రోజు కోట్లయితే ఎవరి జేబులోంచి వస్తుంది? ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఇది నా థియరీ, లాయర్లు ఒప్పుకోకపోవచ్చు, కానీ లేక్‌వుడ్‌లో ఇవాళ జరుగుతున్నదానికి విత్తనం అక్కడే పడింది.

ఒక్క నిమిషం, గుంటూరు తీసుకెళ్తా మిమ్మల్ని. నేను చదివింది మిషనరీ స్కూల్లో. ఇంటి నుంచి ఆర్టీసీ బస్సు. జూన్‌లో బస్టాండ్ దగ్గర పాస్ కౌంటర్ ముందు లైను, చేతిలో బోనఫైడ్ సర్టిఫికెట్, రెండు పాస్‌పోర్ట్ ఫోటోలు, చెమటకి ఆ ఫోటోలు ఒకదానికొకటి అతుక్కుపోయేవి. లోపల కూర్చున్నాయన ఒక్కరోజు కూడా నీది చర్చి బడా, సరస్వతీ బడా అని అడగలేదు. బోనఫైడ్ మీద స్కూల్ స్టాంపు ఉందా లేదా, అంతే. నా వెనక మదరసా దగ్గర్లోని ఉర్దూ మీడియం కుర్రాడు, ముందు మున్సిపల్ హైస్కూల్ కుర్రాడు, అందరికీ ఒకటే రాయితీ పాస్. ఎవరికీ తప్పనిపించలేదు, నాకిప్పటికీ అనిపించదు.

కానీ ఒకటి గమనించండి. నా పాస్ రాయితీ భారం ఆర్టీసీ మోసింది, దానికి ప్రభుత్వం డబ్బు కట్టాలి. అంతేగానీ పక్క వీధి మున్సిపల్ హైస్కూల్ చాక్‌పీస్ డబ్బుల్లోంచి కోసి ఎవరూ కట్టలేదు! లేక్‌వుడ్‌లో అచ్చం ఆ పనే జరుగుతోంది.

న్యూజెర్సీ రూల్ చెప్తా, గబగబా. ఎనిమిదో క్లాసు వరకు పిల్లలకి బడి రెండు మైళ్ళకంటే దూరమైతే, హైస్కూల్‌కి రెండున్నర మైళ్ళకంటే దూరమైతే, స్కూల్ డిస్ట్రిక్ట్, అంటే ఊరి పబ్లిక్ స్కూళ్ళని నడిపే సంస్థ, బస్సు వేయాలి. లాభాపేక్ష లేని ప్రైవేటు బడికి కూడా, అది మామూలుగా ఇంటి నుంచి 20 మైళ్ళ లోపు ఉంటే. తలకి ఇంత అని గరిష్ఠ మొత్తం ఉంటుంది, ఇప్పుడది వెయ్యి డాలర్ల పైమాటే, ఆ రేటుకి బస్సు దొరక్కపోతే ఆ డబ్బు తల్లిదండ్రులకి చెక్కుగా ఇచ్చేస్తారు. దీనికి బీ6టీ అని ఫారం కూడా ఉంది. ఆ మొత్తంలో కొంత స్టేట్ వెనక్కిస్తుంది, కాదనను.

ఈ చెక్కు సంగతి ఎందుకు చెప్తున్నానంటే, ఆ ఫారం నింపేవాళ్ళలో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. నాకు తెలిసిన ఒక కుటుంబం, ఇంట్లో రోజూ దీపం పెడతారు, శనివారం గుడికెళ్తారు, పిల్లలు చదివేది క్యాథలిక్ స్కూల్లో, క్రమశిక్షణ బాగుంటుందని. ఏడాదికి రెండుసార్లు ఆ చెక్కు వస్తుంది. ఆ అక్క నాకు చూపించింది కూడా, ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద పెట్టి ఉంది. తప్పేముంది, వాళ్ళూ టాక్స్ కడుతున్నారు. కాబట్టి "వాళ్ళ మతం బస్సులు" అని కామెంట్ పెట్టేముందు మన వాట్సాప్ గ్రూపులో ఎంతమంది ఫ్రిజ్‌ల మీద ఈ చెక్కు ఉందో కనుక్కోండి.

మా వాడి మిడిల్ స్కూల్ మా ఇంటికి 1.8 మైళ్ళు. రెండు మైళ్ళు దాటలేదు కాబట్టి ఫ్రీ బస్సు లేదు, కావాలంటే డబ్బు కట్టి సీటు కొనుక్కోవాలి. జనవరిలో ఫుట్‌పాత్ మీద మంచు ఎవరూ తీయరు, పదకొండేళ్ళ పిల్లాడు రోడ్డు అంచున నడుస్తాడు. నేను కూడా మండిపడాల్సినవాడినే కదా? అయినా నా కోపం ఆ యెషీవా పిల్లాడి మీద లేదు.

ఎందుకంటే నేను వెళ్ళి చూశాను. పొద్దున ఏడున్నరకి లేక్‌వుడ్‌లో రూట్ 9 మీద ఇరుక్కున్నాను. ముందు ఒక పసుపు బస్సు, ఎర్ర లైట్లు, స్టాప్ బోర్డు తెరుచుకుంది, 25 అడుగుల వెనకే ఆగాలి కదా, ఆగాను. ఐదేళ్ళుంటాయేమో, నల్ల టోపీ, వీపంత బ్యాగు, ఒక చేత్తో అక్క చెయ్యి, ఇంకో చేతిలో సగం తిన్న బన్ను. మెట్టు ఎక్కలేక ఒకసారి వెనక్కి తూలాడు, అక్క తోసింది, ఎక్కేశాడు. ఆ బస్సు కదిలేసరికి దాని వెనక ఇంకోటి, దాని వెనక ఇంకోటి. ఆ బుడ్డోడిని దిగి నడువు అని నేనైతే అనలేను.

ఇప్పుడు లెక్క చూడండి. లేక్‌వుడ్‌లో పబ్లిక్ స్కూళ్ళలో పిల్లలు సుమారు 4,500. మతబడుల్లో దాదాపు 50,000. పబ్లిక్ స్కూల్లో ఉన్నది ఎక్కువగా స్పానిష్ మాట్లాడే వలస కుటుంబాల పిల్లలు, పేదవాళ్ళు. స్టేట్ ఫార్ములా, 2008 నాటిది, ఒక డిస్ట్రిక్ట్‌కి చదువు చెప్పడానికి ఎంత కావాలో ప్రధానంగా పబ్లిక్ స్కూల్లో ఉన్న పిల్లల్ని లెక్కపెట్టి తేలుస్తుంది. అంటే బడ్జెట్ వేసేది 4,500 మందిని చూసి, బస్సు బాధ్యతేమో ఆ 50,000 మందిలో బడి దూరమైనవాళ్ళందరిదీ కూడా! పెళ్ళికి వంద విస్తళ్ళకి సరుకులిచ్చి, వెయ్యిమందికి వడ్డించమంటే వంటవాడేం చేస్తాడు? అప్పు చేస్తాడు. లేక్‌వుడ్ అదే చేసింది, స్టేట్ దగ్గరే 15 కోట్ల డాలర్లకి పైగా అప్పు తెచ్చుకుంది. పైగా ఊళ్ళో ఇళ్ళ ధరలు పెరిగాయి కాబట్టి కాగితం మీద ఊరు డబ్బున్నదిలా కనిపిస్తుంది. స్పెషల్ ఎడ్యుకేషన్ ఫీజుల భారం ఇంకా పెద్దది, అది వేరే వీడియో.

2014లో అక్కడి పబ్లిక్ స్కూల్ తల్లిదండ్రులు కేసు వేశారు, ఈ ఫార్ములా లేక్‌వుడ్‌కి పనికిరాదు అని. అదే ఏడాది డిస్ట్రిక్ట్ ఖర్చుల మీద కన్నేయడానికి స్టేట్ ఒక మానిటర్‌ని కూర్చోబెట్టింది. 2016లో ప్రైవేటు బడుల బస్సులు చూసుకోడానికి వేరే సంస్థ పెట్టే చట్టం చేశారు. బస్సు నడిపే చెయ్యి మారింది, బిల్లు వెళ్ళే జేబు మారలేదు! కేసు వేసినప్పుడు ఒకటో క్లాసులో ఉన్న పిల్లాడు హైస్కూల్ కూడా దాటేస్తాడు, ఫార్ములా అలాగే ఉంది.

కొందరంటారు, అయితే మతబడులకి ఆపేయొచ్చుగా అని. అది అవదండీ. 2022లో మెయిన్ రాష్ట్రం కేసులో సుప్రీంకోర్టు చెప్పేసింది, ప్రైవేటు బడులకి సాయం అంటూ మొదలుపెడితే మతబడి అని పక్కన పెట్టడానికి లేదు అని. ఆపితే అందరికీ ఆపాలి, ఆ ఫ్రిజ్ మీద చెక్కుతో సహా. ఆపమని నేననను. ట్రెంటన్, అంటే స్టేట్ ప్రభుత్వం, కట్టాలంటాను. చట్టం చేసింది ట్రెంటన్, ప్రైవేటు బడి పిల్లల బస్సు బిల్లు పూర్తిగా ట్రెంటన్‌కే వెళ్ళాలి, ఊరి స్కూల్ బడ్జెట్‌ని ముట్టుకోకూడదు. 357 డాలర్లప్పుడు ఊరు కట్టుకుంది సరే, ఇప్పుడు ఎలా కడుతుంది?

ఇప్పుడు మీ పని. మీ స్కూల్ డిస్ట్రిక్ట్ బడ్జెట్ ఆన్‌లైన్‌లో ఉంటుంది, తెరిచి ట్రాన్స్‌పోర్టేషన్ దగ్గరికి వెళ్ళండి, నాన్‌పబ్లిక్, అంటే ప్రైవేటు బడి పిల్లలకి బస్సు బదులు ఇచ్చే డబ్బు అని ఒక లైన్ ఉంటుంది. ఎడిసన్, ప్లెయిన్స్‌బరో, మన్రో, ఎవరైనా సరే, ఆ నంబర్ ఊరి పేరుతో కింద కామెంట్లో పెట్టండి. వచ్చిన నంబర్లన్నీ వరసగా వచ్చే ఆదివారం చదువుతా.