బయోడేటాలో ఆ నాలుగు లైన్లు

శ్రోతలకు నమస్కారం. లా చదివే పిల్లలు చదువుతోపాటు చేసే ఇతర పనులు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టేటప్పుడు బాగా పనికొస్తాయి. కానీ వాటిని ఎలా రాయాలో తెలియక మన తిరుపతి, చిత్తూరు పిల్లలు చేతిలో ఉన్న బలాన్ని వదులుకుంటున్నారు.

మూట్ కోర్టు (ఊహించిన కేసు మీద విద్యార్థులు చేసే వాదన), ఇంటర్న్‌షిప్ (లాయరు ఆఫీసులాంటి చోట చేసే పని శిక్షణ) అదనపు అర్హతలని చాలామంది అనుకుంటారు. కానీ లా చదువుకు ప్రమాణాలు పెట్టే బార్ కౌన్సిల్ నిబంధనల్లో మూడు మూట్ కోర్టులు సిలబస్‌లోనే ఉన్నాయి. ఇంటర్న్‌షిప్ మూడేళ్ల కోర్సుకు కనీసం 12 వారాలు, ఐదేళ్ల కోర్సుకు 20 వారాలు తప్పనిసరి. మీ పక్కన కూర్చున్న అభ్యర్థి కూడా ఇవన్నీ చేసే వచ్చాడు. అందుకే "మూట్ కోర్టులో పాల్గొన్నాను" అన్న లైను చూసి ఎవరూ ఆగరు. బయటి కాలేజీలో పోటీకి వెళ్లుంటే మాత్రం వివరంగా రాయండి: మీరు వాదించారా, రిసెర్చర్‌గా ఉన్నారా, మెమోరియల్‌లో, అంటే రాతపూర్వక వాదనలో, ఏ ఇష్యూ మీది, ఏ రౌండు దాకా వెళ్లారు. ఇంటర్వ్యూలో ప్రశ్న దానిమీదే పడుతుంది. "ఏ తీర్పు మీద ఆధారపడ్డారు? అవతలివాళ్లు దానికేం జవాబిచ్చారు?" మెమోరియల్ ఇంకొకరు రాసిందైతే అక్కడే నోరు పెగలదు.

మన ప్రాంతపు విద్యార్థికి అన్నిటికంటే విలువైనది పారా లీగల్ వాలంటీర్ పని, అంటే న్యాయసాయం కావాల్సినవాళ్లకు న్యాయ సేవాధికార సంస్థ తరఫున తోడ్పడే పని అని నా గట్టి నమ్మకం. అడ్వకేటుగా ఎన్‌రోల్ అయ్యేదాకా లా విద్యార్థులు ఇందులో చేరొచ్చు. చిత్తూరులోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడిగితే ఎంపిక ఎప్పుడో చెబుతారు. 1987 నాటి న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ కింద మహిళలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసాయం ఉంది. ఆ సంగతి తెలియని ఒకామె, భర్త మనోవర్తి ఇవ్వడంలేదని వచ్చిందనుకోండి. ఆమె బాధంతా కలగాపులగంగా చెబుతుంది. దాన్ని తేదీల వరుసలో పెట్టాలి: పెళ్లెప్పుడు, ఎప్పటినుంచి విడిగా ఉంటున్నారు, పిల్లల వయసెంత, భర్తకు నెలకెంత వస్తుంది, దానికి రుజువేముంది. ఒక్క పేజీలో తేలాలి. జూనియర్ దగ్గర సీనియర్ లాయరు కోరేది సరిగ్గా ఈ పనితనమే.

బయోడేటాలో "పారా లీగల్ వాలంటీర్" అని మాత్రమే రాసి వదిలేయొద్దు. "మనోవర్తి, చెక్ బౌన్స్ వ్యవహారాల్లో కక్షిదారుల వివరాలు రాసుకుని, దరఖాస్తుల చిత్తుప్రతులు తయారుచేశాను" అని రాయండి. చేసినవే రాయండి. కక్షిదారు పేరు, ఊరు మాత్రం ఎక్కడా రాకూడదు. గొప్ప కోసం వాళ్ల సంగతులు బయటపెట్టేవాణ్ణి ఏ లాయరూ తన ఆఫీసులో పెట్టుకోడు.

భాషల్ని మనవాళ్లు అసలు లెక్కలోకే తీసుకోరు, నాకు బాధ కలిగేది అక్కడే. నగరి, కుప్పం వైపు తమిళం, పలమనేరు వైపు కన్నడం మాట్లాడే కక్షిదారులు వస్తారు. మీరు తమిళం మాట్లాడగలరా, చదవనూ గలరా? రెండూ విడివిడిగా రాయండి. శ్రీవారి సేవలో క్యూలైన్ల దగ్గర నాలుగు భాషల భక్తులకు సర్దిచెప్పిన అనుభవం ఉంటే అదీ రాయదగ్గదే.

ఎన్‌ఎస్‌ఎస్‌లో (జాతీయ సేవా పథకంలో) రెండేళ్లకు 240 గంటలు పూర్తిచేసుంటే ఒక లైను, ఆటలకు ఒక లైను చాలు. ఒక్కరోజు వెబినార్ల సర్టిఫికెట్లు పది జతచేస్తే, అసలైనవి వాటి కింద పడిపోతాయి. బ్యాంకు లా ఆఫీసరు లాంటి ఉద్యోగాలకు రాతపరీక్ష గట్టెక్కాకే ఇవన్నీ. ఈ పనులకోసం చదువు మానుకోవద్దు.

ఏ పని చేసినా, అది ముగిసిన వారంలోనే సర్టిఫికెట్ అడిగి తీసుకోండి. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏ పని చేశారు అన్నది అందులో ఉండాలి. ఆలస్యం చేస్తే అధికారి బదిలీ అయిపోతారు, కొత్తగా వచ్చినవారు తాము చూడని పనికి సంతకం పెట్టరు.