టోల్ గేట్ కాడ పడ్డ నంబర్ ఎందాక పోతది?

[తెర మీద: పంతంగి టోల్ గేట్, పొద్దుగూకే టైం, బండ్ల వరుస]

నమస్తే. హైదరాబాద్ నుంచి నల్లగొండకు కార్ల వస్తున్నరు అనుకోండి. పంతంగి టోల్ గేట్ కాడ ఫాస్టాగ్‌ల పైసలు కట్ అయితయి, గేటు లేస్తది. బండి నంబరు, టైము అక్కడ ఎక్కుతది. నార్కట్‌పల్లి కాడ మళ్లి ఊర్లకొచ్చి, క్లాక్ టవర్ సెంటర్ల రెడ్ సిగ్నల్ దాటితే చలాన్ వస్తది. దాంట్ల ఫోటో, చోటు, టైము. రాత్రికి లాడ్జిల దిగితే కౌంటర్ మీద ఆధార్ జిరాక్స్.

ఒక్కొక్కటి చూస్తే ఏదీ పెద్ద ముచ్చట కాదు. ఊర్ల కిరాణ కొట్టాయనకు మీ ఉద్దెర తెలుసు, ఆర్‌ఎంపీ డాక్టర్‌కు మీ రోగం తెలుసు, బస్సు కండక్టర్‌కు మీరు ఏ స్టేజీ కాడ దిగుతరో తెలుసు. ఆ ముగ్గురు ఒక్క కాడ కూసొని మీ పేరు మీద ఒక పుస్తకం రాసుడు మొదలుపెడితే? ఇయ్యాలటి వీడియో ఆ పుస్తకం గురించి.

కెమెరాలు తీసెయ్యుమని నేను అంటలేను. పుస్తెలతాడు తెంపుకపోయినోడు దొరికేది వాటితోనే. మన ఊర్ల కెమెరాలు సగం మన చందాలతోని పెట్టినయే కదా, పోలీసుల ‘నేను సైతం’ కార్యక్రమం కింద. 2013ల ఉమ్మడి రాష్ట్రంల వచ్చిన పబ్లిక్ సేఫ్టీ చట్టం ప్రకారం, ఒక్కసారి 100 మంది గాని, రోజుకు 500 మంది గాని వచ్చే చోట కెమెరా ఉండాలె, 30 రోజుల రికార్డింగ్ దాచాలె. జడ్చర్లల పెద్ద బట్టల షాపు అయినా, మహబూబ్‌నగర్‌ల ఫంక్షన్ హాల్ అయినా అంతే.

[తెర మీద: స్టేషన్ బొమ్మ, దాని నుంచి అన్ని దిక్కులకు గీతలు]

ఇగ పోలీసుల దిక్కు చూద్దాం. సీసీటీఎన్ఎస్ అని ఒకటి ఉన్నది, దేశంల పోలీస్ స్టేషన్లను కంప్యూటర్ల మీద కలిపే నెట్‌వర్క్, 2009ల కేంద్రం మంజూరు చేసింది. మిర్యాలగూడల ఎక్కిన ఎఫ్ఐఆర్ వేరే రాష్ట్రం స్టేషన్ల కనపడేది దాంతోనే. దానికి కోర్టులు, జైళ్లు, ఫోరెన్సిక్ ల్యాబులు, ప్రాసిక్యూషన్ కలిపితే ఐసీజేఎస్ అనే ఇంకా పెద్ద నెట్‌వర్క్. అలంపూర్ కాడ తుంగభద్ర దాటి పారిపోయినోడిని పట్టాలంటే ఇట్లాంటిది కావాల్సిందే, కాదనొద్దు. మన రాష్ట్రంల కానిస్టేబుల్ చేతిల టీఎస్‌కాప్ అనే పోలీసు యాప్ ఉన్నది. 2018ల దాంట్ల ఫేస్ రికగ్నిషన్ కూడా పెట్టిండ్రు: ఫోటో కొడితే పాత రికార్డులల మొఖం కలుస్తదా లేదా చూసి చెప్తది.

మరి ఇన్ని కలిపినంక తాళం ఎంత గట్టిది? 2024ల ఇదే టీఎస్‌కాప్, జనాల భద్రత కోసం పెట్టిన హాక్ ఐ యాప్, రెండూ హ్యాక్ అయినయి. డేటా ఆన్‌లైన్‌ల అమ్మకానికి వచ్చింది. పోలీసులు పట్టుకొచ్చింది 20 ఏండ్ల స్టూడెంట్‌ను. ఆపదల ఉన్నమని యాప్‌ల నంబర్ ఇచ్చినోళ్ల వివరాలు బజార్ల పడ్డయి. అప్పుడు రెండు రోజులు వార్తల నడిచింది, అంతే.

బయటి దొంగ సంగతి అట్ల ఉంచుండి. నాకు అంతకంటే పెద్ద భయం సమగ్ర వేదిక తీరు. చాలామంది ఈ పేరే విని ఉండరు. బండి రిజిస్ట్రేషన్ల లాంటి వేరువేరు శాఖల రికార్డులను కలిపి, ‘ఈ మనిషి, ఆ మనిషి ఒక్కరే’ అని లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ అది. మొదలు నేరస్తులను గుర్తుపట్టనీకి పోలీసు పనికి వాడిండ్రు. తర్వాత అదే సంక్షేమ పథకాలకు వచ్చింది: ఎవరికి రేషన్ కార్డు ఉండాలె, ఎవరికి తీసెయ్యాలె అని. మీ పేరు మీద కారున్నదని కంప్యూటర్ అంటే మీరు పేదోళ్లు కాదు. ఆ కారు మీదేనా, మీ పేరే ఉన్న ఇంకొకరిదా?

ఇప్పుడు మన దిక్కు పేర్లు తలుసుకోండి. యాదగిరిగుట్ట నర్సన్న దయతోని ప్రతి ఊర్ల యాదయ్యలు, యాదగిరులు, నర్సింహలు ఎందరు! ఇంటి పేరు ఒక కాగితం మీద ఉంటది, ఇంకో కాగితం మీద ఉండదు. తండ్రి పేరు ఆధార్‌ల ఒక తీరు, ఓటరు కార్డుల ఇంకో తీరు. పైగా పాలమూరు వలస కూలీ సగం ఏడాది పుణెలనో బెంగళూరులనో ఉంటడు. పేరు చూసి మనిషిని కలిపే లెక్క ఇక్కడ తప్పకుంట ఎట్ల ఉంటది?

[తెర మీద: రేషన్ దుకాణం ముందు లైను]

తప్పింది కూడా. ఊర్లకు పోయి చూడకుంట కంప్యూటర్ మాట మీద కార్డులు తీసేసిండ్రని కేసు సుప్రీంకోర్టు దాక పోయింది. 2022 ఏప్రిల్‌ల, రద్దయిన 19 లక్షల దాక కార్డులను మళ్ల క్షేత్రస్థాయిల విచారించుండి అని కోర్టు చెప్పింది. రేషన్ కార్డు పోతే కనీసం డీలర్ కాడ తెలుస్తది, లొల్లి చేస్తం. అదే పొరపాటు పోలీసు లిస్టుల పడితే? తెల్లారుజామున కార్డన్ సెర్చ్‌కు, అంటే బస్తీని చుట్టుముట్టి ఇల్లిల్లు సోదా చెయ్యనీకి, వచ్చి తలుపు కొట్టినప్పుడు గాని మనకు తెల్వదు. అప్పటికి గూడ ఏ లిస్టు, ఎవరు ఎక్కించిండ్రు అన్నది తెల్వదు.

లోపలి మనిషి కావాలని చూస్తే? అమెరికాల 2025 మేల ఒక ముచ్చట జరిగింది. అక్కడ ఫ్లాక్ అనే కంపెనీ నంబర్ ప్లేట్ కెమెరాలు ఊరూరా పెట్టి, ఒక ఊరి పోలీసు ఇంకో ఊరి కెమెరాల వెతికేటట్టు కలిపింది. టెక్సస్‌ల ఒక షెరిఫ్ ఆఫీసు నుంచి, గర్భస్రావం చేసుకున్న ఒక ఆడమనిషి కోసం దేశమంతట 83,000కు పైగా కెమెరాలల వెతికిండ్రు. ఆమె క్షేమం కోసమే అన్నరు. కావొచ్చు. కానీ సంగతి బయటపడ్డది ఎట్ల అంటే, ఎవరు, ఎప్పుడు, ఏ కారణం మీద వెతికిండ్రో లాగ్ అనే రికార్డుల రాసి ఉన్నది కాబట్టి. మన దగ్గర ఫోన్ ట్యాపింగ్ కేసుల 2024 మార్చిల మొదటి అరెస్టు జరిగింది హార్డ్‌డిస్కులు నాశనం చేసిండ్రన్న ఆరోపణ మీద. నిజమేందో కోర్టు తేలుస్తది. రికార్డే లేకపోతే ఎవరు చూసిండ్రని ఎట్ల అడుగుతం?

చట్టం సంగతి. 2017ల పుట్టస్వామి కేసుల తొమ్మిది మంది జడ్జీలు ఒక్క మాట మీద, గోప్యత ప్రాథమిక హక్కు అన్నరు. 2023ల డేటా రక్షణ చట్టం వచ్చింది గాని, నేరాలు ఆపుడు, దర్యాప్తు అనే పనులకు దాంట్ల పెద్ద మినహాయింపులు ఉన్నయి. హైదరాబాద్ కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ ఫేస్ రికగ్నిషన్ మీద హైకోర్టుల వేసిన పిల్‌కు 2022 జనవరిల సర్కారుకు నోటీసు పోయింది.

మీకు పనికొచ్చేది ఇంకోటి: 2022 నాటి క్రిమినల్ ప్రొసీజర్ గుర్తింపు చట్టం. వేలిముద్రలు, కంటిపాప, ఫోటోలు తీసుకోవచ్చు, 75 ఏండ్లు దాచొచ్చు. కానీ ఎవరివి? శిక్ష పడ్డోళ్లవి, అరెస్టయినోళ్లవి, ముందస్తు నిర్బంధంల ఉన్నోళ్లవి, మంచి నడవడికకు పూచీ ఇయ్యుమని ఆర్డర్ అయినోళ్లవి, లేకుంటే మేజిస్ట్రేట్ ఆర్డర్ ఇస్తే. చౌరస్తాల బండి ఆపి కాగితాలు చూపెట్టుమన్నంత మాత్రాన మీరు ఆ వరుసల లేరు. ఇంకోటి, ఇంతకుముందు శిక్ష పడని మనిషి మీద కేసు కొట్టేసి, అప్పీళ్లన్నీ అయిపోతే, కోర్టు వేరే చెప్పకపోతే ఆ రికార్డు చెరిపెయ్యాలె. చెరిపిండ్రా అని అడిగినోళ్లను నేనైతే చూడలే.

అడుగుడు ఎట్ల? ఆర్‌టీఐ, అంటే సమాచార హక్కు చట్టం. ఎస్పీ ఆఫీసుకు 10 రూపాయల ఫీజుతోని తెల్లకాగితం మీద రాయండి. ‘నా మీద ఏమున్నది’ అని రాస్తే తిప్పి పంపుడు అల్కగ అయితది. పద్ధతి అడగండి: మా పట్నంల పోలీసు కెమెరాల రికార్డింగ్ ఎన్ని రోజులు ఉంచుతరు? చూసే అధికారం ఏ ర్యాంకు నుంచి? చూసినప్పుడల్లా లాగ్ రాస్తరా? వేరే శాఖలకు ఇస్తే ఏ ఉత్తర్వు మీద ఇస్తున్నరు, ఆ ఉత్తర్వు కాపీ ఇయ్యుండి. 30 రోజుల జవాబు రావాలె, రాకపోతే మొదటి అప్పీలు.

వచ్చిన జవాబులు మాకు పంపండి, జిల్లాల వారీగా పెట్టి ఇంకో వీడియో చేస్తం. పంపే ముందు మీ పేరు, అడ్రసు, ఫోన్ నంబరు మీద మాత్రం నల్లగ కొట్టెయ్యండి.